పని ఆపాల్సిన గంట

తొమ్మిది లీటర్ల నీళ్లు. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో అగ్ని ప్రమాద కాలం ప్రకటించాక, ఎండు గడ్డినో పొదలనో ఒరుసుకుంటూ నడిచే ఇంజిన్ బండి ఏదైనా వెంట ఉంచుకోవాల్సిన కనీస పరిమాణం ఇది. పొగగొట్టానికి నిప్పురవ్వల్ని ఆపే జాలీ ఉండాలి. దాంతోపాటు 9 లీటర్ల నీళ్లు నింపిన వీపు పంపో, అంతే నీరు పట్టే ఎక్స్‌టింగ్విషరో అందుబాటులో ఉండాలి. పంపు ఉంది కానీ ఖాళీగా ఉందంటే చట్టం ఒప్పుకోదు.

ఇంతకీ 9 లీటర్లతో ఏమవుతుంది? లెక్క వేసి చూద్దాం. 20 డిగ్రీల దగ్గరున్న లీటరు నీరు మరిగి పూర్తిగా ఆవిరయ్యేసరికి సుమారు 2,600 కిలోజౌళ్ల వేడిని పీల్చుకుంటుంది. తొమ్మిది లీటర్లకు 23,000 పైచిలుకు. కిలో ఎండుటాకులు కాలితే 18,600 కిలోజౌళ్ల దాకా వేడి పుడుతుంది. అంటే ఆ పంపులో ఉన్న నీళ్లన్నీ కలిసి కిలోంబావు ఆకుల వేడిని మాత్రమే మింగగలవు. యూకలిప్టస్ అడవిలో నేల మీద ఆకులు, బెరడు, పుల్లలు కలిపి హెక్టారుకు 15 టన్నులు పరుచుకుని ఉండటం వింతేమీ కాదు. చదరపు మీటరుకు అది కిలోన్నర. ఒక్క చదరపు మీటరు నేల పూర్తిగా కాలితే వచ్చే వేడికే ఈ నీళ్లు చాలవు.

మంటను ఆర్పడానికి వేడినంతా పీల్చెయ్యనక్కర్లేదు, నిజమే. ఇంకా అంటుకోని ఆకు పైపొరను చల్లబరిస్తే చాలు, మంట ముందుకు కదలదు. చెయ్యి తిరిగిన మనిషి వీపు పంపుతో కొన్ని చదరపు మీటర్ల మంటను అణచగలడు. అంతకు మించి ఆశించకూడదు. ఆ నీళ్లు మొదటి ఒకటి రెండు నిమిషాల కోసమే. ఆ నిమిషాల్లో అక్కడ ఎవరున్నారు, వాళ్ల చేతిలో ఏముంది, అసలు ఆ రోజు ఆ యంత్రం అక్కడ ఎందుకు నడుస్తోంది అన్న ప్రశ్నల చుట్టూనే ఆస్ట్రేలియాలో కలప కొట్టేవాళ్ల అగ్ని బాధ్యతలన్నీ అల్లుకుని ఉన్నాయి. నిప్పు పుట్టకుండా చూడటం మొదటిది, పుడితే ఆర్పడం రెండోది. మూడోది పని ఆపడం. అన్నిటికంటే కష్టమైనది ఈ మూడోదేనని నా అభిప్రాయం. కారణం ముందుకు వెళ్లేకొద్దీ తెలుస్తుంది.

ఈ నిబంధనల వెనక 1939 ఉంది. ఆ ఏడాది జనవరి 13, శుక్రవారం. మెల్‌బోర్న్‌లో ఆ రోజు 45.6 డిగ్రీల ఎండ కాసింది. ఆ రికార్డు మళ్లీ 2009లో గానీ చెరగలేదు. అప్పటికే కొండల్లో అక్కడొకటి ఇక్కడొకటిగా చాలా చోట్ల మంటలు రగులుతున్నాయి. ఎడారి వైపు నుంచి వీచే ఉత్తరపు గాలి తోడవగానే అవన్నీ ఒకటైపోయాయి. ఆ వేసవి మంటల్లో విక్టోరియాలో 71 మంది చనిపోయారు. దాదాపు 20 లక్షల హెక్టార్లు కాలింది. 69 రంపపు మిల్లులు బుగ్గి అయ్యాయి.

ఇన్ని మిల్లులు ఎందుకు కాలాయంటే, అవి అడవి నడిబొడ్డున ఉండేవి కాబట్టి. ఆ కొండల్లో పెరిగే మౌంటెన్ యాష్ పూలు పూసే చెట్లలో ప్రపంచంలోనే అతి ఎత్తైనవాటిలో ఒకటి. పాత చెట్టు తొంభై మీటర్లు దాటుతుంది. అంత మానును కొండల మీద నుంచి ఊరికి దించడం అప్పటి సాధనాలకు కష్టం. దాంతో మిల్లే మాను దగ్గరికి వెళ్లింది. మిల్లుతో పాటు కూలీలు, వాళ్ల భార్యాబిడ్డలు, చెక్క ఇళ్లు, కొట్టూ వెళ్లాయి. బయటికి రావడానికి కొండ అంచున చెక్క దిమ్మెల మీద వేసిన ట్రాము పట్టాలే ఆధారం. మధ్యలో వాగుల మీద చెక్క వంతెనలు. మిల్లు పక్కన ఏళ్ల తరబడి పేరుకున్న రంపపు పొట్టు గుట్టలు. నరికి వదిలేసిన కొమ్మలు, ఆకులు చుట్టూ ఎండిపోయి ఉండేవి. మంట వచ్చిన రోజున ముందుగా కాలేది ఆ వంతెనలే. ఇక లోపలివాళ్లు లోపలే.

మ్యాట్లాక్ దగ్గర ఫిట్జ్‌పాట్రిక్ మిల్లులో ఆ శుక్రవారం 15 మంది చనిపోయారు. ఒకే ఒక్కడు బతికాడు, తడి కంబళి కప్పుకుని. రూబికాన్ అడవిలోని మిల్లుల దగ్గరా కూలీలు చనిపోయారు. చెట్లు కొట్టడంలో ఆరితేరిన మనుషులు వాళ్లు. అడవి తెలియక చనిపోలేదు. బయటపడే దారి లేక చనిపోయారు.

కొన్ని మిల్లుల దగ్గర నేలగుంతలు ఉండేవి. కొండవాలులోకి గొయ్యి తవ్వి, పైన దుంగలు పరిచి, వాటిమీద మందంగా మట్టి కప్పి, గుమ్మానికి కంబళి వేలాడదీసేవారు. మంట దగ్గరికి రాగానే అందరూ లోపలికి దూరాలి, ఒకరు గుమ్మం దగ్గర నిలబడి కంబళిని తడుపుతూ ఉండాలి. కంబళి ఆరిపోతే పొగా వేడీ లోపలికి వచ్చేస్తాయి. ఇలాంటి గుంతల్లో దాక్కుని చాలామంది ప్రాణాలు దక్కించుకున్నారు. గుంత సరిగ్గా లేని చోట అదే సమాధి అయింది. అసలు గుంతే తవ్వని మిల్లులూ ఉన్నాయి. తవ్వించడానికి ఖర్చవుతుంది, తవ్వే రోజుల్లో రంపం ఆగుతుంది.

ఆ దుర్ఘటన మీద రాయల్ కమిషన్ వేశారు. జడ్జి లియోనార్డ్ స్ట్రెటన్ అడవి ఊళ్లన్నీ తిరిగి, సాక్షుల్ని విచారించి, అదే ఏడాది నివేదిక ఇచ్చారు. ఈ మంటలు ఆకాశం నుంచి ఊడిపడలేదు, మనుషుల చేతుల్లోంచి వచ్చినవేనని ఆయన తేల్చారు. పొలం చదును చేసుకోవడానికి రైతు పెట్టిన నిప్పు, పచ్చిక కోసం పశువుల కాపరి పెట్టినది, గనులవాళ్లు, వేటగాళ్లు, మిల్లు మనుషులు వదిలిపెట్టినవి. ఎవరికి వారు తమ నిప్పు చిన్నదేనని అనుకున్నారు. మిల్లుల దగ్గర నేలగుంతలు తప్పనిసరి చేయాలని స్ట్రెటన్ గట్టిగా చెప్పారు. తర్వాతి ఏళ్లలో మిల్లులు అడవి వదిలి ఊళ్లకు చేరాయి. ట్రాము పట్టాల స్థానంలో రోడ్లు, లారీలు వచ్చాయి. ప్రభుత్వ భూముల్లో మంటల బాధ్యత అటవీ కమిషన్‌కు విస్తరించింది. 1944లో మళ్లీ పెద్ద మంటలు, మళ్లీ స్ట్రెటన్ విచారణ. వాటి తర్వాతే పల్లె ప్రాంతాలకు కంట్రీ ఫైర్ అథారిటీ అనే సంస్థ పుట్టింది.

ఇప్పుడు అడవిలో మిల్లు లేదు. యంత్రం ఉంది. కలప నరికే చోట ఈరోజు గొడ్డలి పట్టిన గుంపు కనపడదు. నలుగురైదుగురు మనుషులు, ఒక్కొక్కరి కింద ఇరవై ముప్పై టన్నుల యంత్రం. ఒకటి చెట్టును పట్టుకుని మొదలు దగ్గర కోస్తుంది, ఒకటి కొమ్మలు నరికి బెరడు ఒలిచి దుంగలుగా తెగ్గొడుతుంది, ఇంకొకటి వాటిని లారీ దగ్గరికి మోసుకొస్తుంది. ఎండిన ఆకులు, బెరడు పేలికలు, సన్నటి రంపపు పొట్టు వీటి చుట్టూ రోజంతా ఎగురుతూనే ఉంటాయి.

యంత్రం మూత తెరిచి లోపలికి చూస్తే ప్రమాదం ఎక్కడుందో కంటికే తెలుస్తుంది. డీజిల్ ఇంజిన్‌కు ఒక పక్కన పొగ బయటికి వచ్చే ఇనుప గొట్టం, దాన్ని ఆనుకుని టర్బో. బరువు మీద పనిచేస్తున్నప్పుడు ఇవి అయిదారు వందల డిగ్రీలకు చేరతాయి. ఎండుటాకు అంటుకోవడానికి అందులో సగం వేడి చాలు. ఫ్యాను గాలిని లాగుతూ ఉంటే ఆ గాలితో పాటు ఆకు, పొట్టు కూడా లోపలికి వచ్చి గొట్టాల సందుల్లో, యంత్రం అడుగున ఉండే బెల్లీ ప్లేటు మీద, రేడియేటరు మడతల్లో కూరుకుంటాయి. అక్కడక్కడ కారిన నూనె వాటిని తడుపుతుంది. నూనె పీల్చుకున్న పొట్టు అంటుకుంటే తొందరగా ఆరదు.

రెండో ప్రమాదం హైడ్రాలిక్ గొట్టం. యంత్రం చేతులు కదిలించే నూనె వాతావరణ పీడనానికి రెండు మూడు వందల రెట్ల ఒత్తిడితో ప్రవహిస్తుంది. గొట్టం ఎక్కడో ఒరుసుకుని సూదిమొన అంత రంధ్రం పడితే నూనె ధారగా కారదు, పొగమంచులా చిమ్ముతుంది. ఆ తుంపర వేడి టర్బో మీద పడిందంటే రెప్పపాటులో మంట. డ్రైవరు క్యాబిన్ దిగి దూరంగా పరిగెత్తడానికి కొన్ని క్షణాలే ఉంటాయి. అందుకే అడవిలోనూ గనుల్లోనూ నడిచే ఇలాంటి భారీ యంత్రాలకు ప్రత్యేకంగా అగ్ని రక్షణ ప్రమాణం ఉంది, ఏఎస్ 5062 అని. ఇంజిన్ గదిలో నాజిల్‌లు అమర్చి, మీట నొక్కగానే నురగో పొడో చల్లే ఏర్పాట్లకు ఆధారం అదే.

ఇక రోజు చివర ఏం జరుగుతుందో చూడండి. పని నడుస్తున్నంతసేపూ ఫ్యాను, చల్లబరిచే నీరు కలిసి ఇంజిన్ వేడిని బయటికి తోస్తుంటాయి. తాళం తిప్పి ఇంజిన్ ఆపగానే ఆ రెండూ ఆగిపోతాయి. ఇనుములో దాగిన వేడి మాత్రం ఆగదు. పోవడానికి దారిలేక చుట్టుపక్కల భాగాల్లోకి పాకుతుంది. దాంతో యంత్రం ఆపిన తర్వాతే కొన్ని చోట్ల వేడి ఇంకా పెరుగుతుంది. అప్పటిదాకా గాలికి చల్లగా ఉన్న పొట్టు కుప్ప అప్పుడు రాజుకుంటుంది. సాయంత్రం మనుషులు జీపెక్కి ఇళ్లకు వెళ్లిపోయాక కొండ మీద ఒంటరిగా మిగిలిన యంత్రం తగలబడటానికి కారణం ఇదే.

ఈ ఒక్క విషయం తెలిస్తే కాంట్రాక్టు కాగితాల్లో కనిపించే నిబంధనలు చాలావరకు వాటంతటవే అర్థమవుతాయి. యంత్రాన్ని షిఫ్టు మధ్యలోనూ చివరలోనూ గాలితోనో నీళ్లతోనో శుభ్రం చేయాలి. సాయంత్రం దాన్ని చెట్ల కింద కాకుండా మట్టి వరకూ గీకిన ఖాళీ నేల మీద నిలపాలి. ఇంజిన్ ఆపిన వెంటనే వెళ్లిపోకూడదు, ఎవరో ఒకరు అక్కడే ఉండి కాపు కాయాలి. ఆ రోజు కోత జరిగిన చోటంతా ఒకసారి తిరిగి చూడాలి. యంత్రం పళ్లచక్రం రాతికి తగిలి రాల్చిన నిప్పురవ్వ ఎండు బెరడు కింద పొగలేకుండా గంటల తరబడి కునుకుతుంది. అది వెతికితే తప్ప దొరకదు.

పొద్దున్నుంచి సాయంత్రం దాకా యంత్రంలో కూర్చుని నడుము పట్టేసిన మనిషికి ఈ చివరి గంట చాలా పెద్దది. ఇల్లు గుర్తొస్తుంది. ఇప్పటిదాకా ఏమీ కాలేదు కదా, ఈ ఒక్కరోజు ఏమవుతుందిలే అనిపిస్తుంది. ఆ గంటకు విడిగా కూలి కట్టిన చోట కాపు కాస్తారు. కట్టని చోట కాపు రిజిస్టరులోనే మిగిలిపోయే ప్రమాదం ఉంటుంది. ఇది ఆస్ట్రేలియాకే పరిమితమైన సంగతి కాదు.

ఇప్పుడు పని ఆపడం గురించి. ఏ రోజు ఆపాలి? ఆ ప్రశ్నకు అంకెల్లో జవాబు చెప్పడానికి జీవితమంతా వెచ్చించినవాడు అలన్ మెకార్థర్ అనే అటవీ శాస్త్రవేత్త. 1950లు, 60లలో క్యాన్‌బెరా కేంద్రంగా ఆయన, ఆయన సహచరులు వందలకొద్దీ చిన్న మంటలు కావాలని వెలిగించి, ఏ ఎండలో, ఎంత గాలికి, ఎంత ఆకు ఉన్నప్పుడు మంట ఎంత వేగంగా పాకుతుందో కొలిచారు. దాన్నుంచి గుండ్రటి అట్టముక్క రూపంలో ఒక మీటరు పుట్టింది. ఉష్ణోగ్రత, గాలిలో తేమ, గాలి వేగం, వర్షాభావం ఎంతకాలంగా ఉందనే అంకె, ఈ నాలుగింటినీ తిప్పి సరిచూస్తే అగ్ని ప్రమాద సూచీ వస్తుంది. ఆ సూచీలో 100 అంటే 1939 జనవరి 13 నాటి పరిస్థితి. మిల్లు కార్మికులు చనిపోయిన ఆ శుక్రవారమే ఆ దేశపు కొలబద్ద అయింది.

2009 ఫిబ్రవరి 7న, విక్టోరియా మంటల్లో 173 మంది ప్రాణాలు పోయిన శనివారం నాడు, ఆ సూచీ కొన్నిచోట్ల 100 దాటిపోయింది. కొలబద్దే చాలకపోవడంతో పైన ఇంకో మెట్టు చేర్చారు. 2022 సెప్టెంబర్ 1 నుంచి దేశమంతా ఒకే కొత్త పద్ధతి నడుస్తోంది. మోస్తరు, ఎక్కువ, తీవ్రం, ప్రళయం అని నాలుగు స్థాయిలు. అడవికి, గడ్డి మైదానానికి, పొదల నేలకు విడివిడి లెక్కలు.

ఈ అంకెల వెనక ఉన్న అసలు సంగతి ఆకులోని తేమ. రాలిన ఆకుకు వేళ్లు లేవు, నీళ్లు తాగలేదు. చుట్టూ ఉన్న గాలి ఎంత పొడిగా ఉంటే అదీ అంత పొడిగా మారుతుంది, అదీ గంట రెండు గంటల్లోనే. తెల్లవారుజామున చేత్తో నలిపితే మెత్తగా ఒంగే ఆకు మధ్యాహ్నం రెండింటికి పెళపెళమని విరుగుతుంది. తేమ పదిహేను శాతం ఉన్నప్పుడు నిప్పురవ్వ పడ్డా చాలాసార్లు అదే ఆరిపోతుంది. అయిదు శాతానికి పడిపోయాక పడిన రవ్వల్లో చాలా భాగం అంటుకుంటాయి. ఉదయం పనిచేసిన యంత్రమే, అదే డ్రైవరు, అదే జాగ్రత్త. మధ్యాహ్నానికి ప్రమాదం మాత్రం ఎన్నో రెట్లు పెరిగి ఉంటుంది.

దీన్ని బట్టే పని వేళలు మారతాయి. వేసవిలో తెల్లవారకముందే పని మొదలుపెట్టి, ఎండ ముదిరేలోపు ముగిస్తారు. రేడియోలో వచ్చే సూచన జిల్లా మొత్తానికి ఒకటే కాబట్టి, కోత జరిగే చోటే చేతిలో పట్టే చిన్న వాతావరణ మీటరుతో గాలి, తేమ కొలుస్తారు. వాలు మీద ఉండే గాలి వేరు, లోయలో వేరు. టాస్మేనియాలో అటవీ సంస్థలన్నీ కలిసి ఉమ్మడి పద్ధతి రాసుకున్నాయి. ఏ స్థాయిలో కాపలా పెంచాలి, ఏ స్థాయిలో యంత్రం ఆపాలి అన్నది అందులో ముందే ఉంటుంది. పశ్చిమ ఆస్ట్రేలియాలో స్థానిక సంస్థలు పంట కోతనూ బండ్ల కదలికనూ ఆ రోజుకు నిషేధించగలవు.

ముందే రాసి ఉంచడంలోనే అసలు కీలకం ఉంది. కలప కాంట్రాక్టర్‌కు సాధారణంగా టన్నుకు ఇంత అని డబ్బు వస్తుంది. యంత్రం మీద బ్యాంకు వాయిదా నెలనెలా తప్పదు, నిలబడ్డ యంత్రానికీ అదే వాయిదా. మిల్లు దుంగల కోసం ఎదురుచూస్తుంటుంది, లారీ డ్రైవర్లు వరుసలో ఉంటారు. ఆ స్థితిలో ఉన్న మనిషిని పిలిచి "నీకు ప్రమాదమనిపిస్తే ఆపు" అంటే అది బాధ్యతను అప్పగించడం కాదు, అతని నెత్తిన పడేయడం. ఆపే అంకెను ముందే నిర్ణయించి, ఆ అంకె రాగానే ఎవరి అనుమతీ అడగకుండా ఆపేయాలని, ఆగినందుకు శిక్ష ఉండదని కాగితం మీద ఉంటేనే ఆ చివరి నిర్ణయం డబ్బు ఒత్తిడికి లొంగకుండా నిలుస్తుంది. 1939లో నేలగుంత తవ్వని మిల్లు యజమానులంతా దుర్మార్గులని నేను అనుకోను. తవ్వకపోతే లాభం, తవ్వితే నష్టం అన్న ఏర్పాటులో వాళ్లు ఉన్నారు. అందుకే తవ్వడం తప్పనిసరి చెయ్యాలని స్ట్రెటన్ చెప్పాల్సి వచ్చింది.

ఇంత జాగ్రత్త తీసుకున్నా నిప్పు పుట్టినప్పుడు? న్యూ సౌత్ వేల్స్ 1997 నాటి గ్రామీణ అగ్ని చట్టం 64వ సెక్షన్ దీని మీద స్పష్టంగా ఉంది. అగ్ని ప్రమాద కాలంలో తన స్వాధీనంలో ఉన్న నేల మీద మంట కనిపించిన వెంటనే, అది తాను పెట్టినదైనా కాకపోయినా, ఆర్పడానికి సాధ్యమైన ప్రయత్నమంతా చెయ్యాలి. తన వల్ల కాకపోతే వెంటనే అధికారులకు కబురు పంపాలి. దానికి ముందున్న 63వ సెక్షన్ మంట పుట్టకుండా, పాకకుండా చూసే బాధ్యతను పెడుతుంది. ఆ రాష్ట్రంలో ప్రభుత్వ కలప సంస్థ అయిన ఫారెస్ట్రీ కార్పొరేషన్ కలప అమ్మడంతో ఆగదు, మంటలు ఆర్పే అధికారిక సంస్థల్లో అదీ ఒకటి.

విక్టోరియాలో పెద్ద కలప తోటల కంపెనీలు సొంత అగ్నిమాపక దళాలను పెట్టుకుంటాయి. వీటిని అటవీ పరిశ్రమ దళాలంటారు. కంట్రీ ఫైర్ అథారిటీ కింద నమోదై, వాటి ట్యాంకర్లు, మనుషులు చుట్టుపక్కల ఊళ్ల మంటలకూ వెళతారు. పైన్ తోట పక్కన పొలమున్న రైతుకు ఇది చిన్న ఊరట కాదు.

ఆర్పడానికి ఎంత సమయం ఉంటుందో తెలియాలంటే మళ్లీ లెక్కే శరణ్యం. మంట అంచు పొడవునా మీటరుకు ఎంత వేడి వెలువడుతుందో లెక్కగట్టే సూత్రాన్ని అమెరికా శాస్త్రవేత్త జార్జి బైరమ్ 1959లో ఇచ్చాడు. ఆకుల బరువు, అవి విడుదల చేసే వేడి, మంట కదిలే వేగం, ఈ మూడింటినీ గుణించడమే. చదరపు మీటరుకు కిలోన్నర ఆకులున్న అడవిలో మంట గంటకు 360 మీటర్ల వేగంతో, అంటే మనిషి నడకలో పదో వంతు కూడా లేని వేగంతో, పాకుతోందనుకుందాం. లెక్క 2,800 కిలోవాట్ల దగ్గర తేలుతుంది. అంతకు మించి 4,000 దాటితే మనుషులు, ట్యాంకర్లు, బుల్డోజర్లు కూడా ఎదురుగా నిలబడి ఆర్పలేని మంట అని అనుభవం మీద తేలిన హద్దు. మెకార్థర్ చెప్పిన ఇంకో నియమం ఇక్కడ కలపాలి. ఎగువ వాలు ప్రతి పది డిగ్రీలకూ మంట వేగం రెట్టింపవుతుంది. అదే అడవి, అదే గాలి, కొండ వాలు పది డిగ్రీలు పెరిగితే చాలు, 2,800 కాస్తా 5,600 అవుతుంది. చదును మీద ఆర్పగలిగిన మంట వాలు ఎక్కగానే చెయ్యి దాటిపోతుంది.

దీనికి తోడు సమయం. మంట అన్ని వైపులా పెరుగుతుంది కాబట్టి సమయం రెట్టింపైతే కాలిన నేల నాలుగింతలవుతుంది. పావుగంటలో చేరిన సిబ్బంది చూసే మంటకూ గంటకు చేరినవాళ్లు చూసేదానికీ పదహారింతల తేడా. ఊరి నుంచి ట్యాంకరు అడవి రోడ్డు ఎక్కి వచ్చేసరికి గంట ఇట్టే గడుస్తుంది. అప్పటికే అక్కడ ఉన్నది కోత సిబ్బంది మాత్రమే. అందుకే వాళ్ల జీపు వెనక కొన్ని వందల లీటర్ల ట్యాంకు, పంపు, గొట్టం, రేక్‌హో అనే పళ్లపార ఉంటాయి. రేడియోలో ఏ రోడ్డు, ఏ మలుపు, ఏ వైపు గాలి అన్నది చెప్పగలిగే మనిషి ఉంటాడు. అన్నిటికంటే ముఖ్యంగా బుల్డోజరు ఉంటుంది. అడవి మంటను చివరికి నీళ్లు కాదు, ఖాళీ నేల ఆపుతుంది. మంట చుట్టూ ఆకు, వేరు లేకుండా మట్టి వరకూ గీకిన గీత పూర్తయితేనే పని అయినట్టు. ఏటవాలు మీద, పొగలో, చెట్లు విరిగిపడుతుంటే ఆ గీత గీయగలిగేది రోజూ అదే నేల మీద యంత్రం నడిపే చేతులే. చట్టం అడిగేదానికి మించి వాళ్లు ఇచ్చేది ఈ నేర్పు.

2024 జనవరి 1 నుంచి విక్టోరియాలోనూ పశ్చిమ ఆస్ట్రేలియాలోనూ ప్రభుత్వ సహజారణ్యాల్లో వ్యాపార కోత ఆగిపోయింది. నరికిన తర్వాత మళ్లీ పెరిగే లేత అడవి ముదురు అడవి కంటే తీవ్రంగా కాలుతుందని పర్యావరణ శాస్త్రవేత్త డేవిడ్ లిండెన్‌మేయర్ బృందం 2009 మంటల మీద చేసిన అధ్యయనంలో చెప్పింది. ఇతర అటవీ శాస్త్రవేత్తలు దాన్ని గట్టిగా ఖండించారు. ఆ వాదన ఇంకా తేలలేదు. మౌంటెన్ యాష్ విషయంలో ఒక సంగతి మాత్రం ఇరుపక్షాలూ ఒప్పుకుంటాయి. ఆ చెట్టు తీవ్రమైన మంటకు చచ్చిపోయి, విత్తనం నుంచే తిరిగి పుడుతుంది. కొత్త చెట్టు విత్తనం కాయడానికి పదిహేను ఇరవై ఏళ్లు పడుతుంది. ఆలోపు ఇంకో మంట వస్తే అక్కడ ఇక అడవి లేదు. కోత ఆగడం ఆ అడవికి మంచిదేనని నేను నమ్ముతాను. బుల్డోజర్లు, వాటిని నడిపే మనుషులు కొండల నుంచి వెళ్లిపోతే మొదటి పావుగంటలో ఎవరుంటారన్న ప్రశ్న కూడా అంతే నిజమైనది. విక్టోరియా ప్రభుత్వం కొందరు కాంట్రాక్టర్లను అటవీ, అగ్ని పనులకే ఒప్పందం మీద తీసుకోవడం వెనక ఉన్న ఆందోళన ఇదే.

మన దగ్గర యంత్రాల కోత లేదు, యాష్ చెట్లూ లేవు. కానీ అడవిలో పనిచేసేవాడికి నిప్పు బాధ్యత ఉండాలన్న మాట మన చట్టానికి కొత్త కాదు. 1927 నాటి భారత అటవీ చట్టం 79వ సెక్షన్ ప్రకారం అడవిలో కలప కొట్టుకోవడానికి, ఫలసాయం ఏరుకోవడానికి, పశువుల్ని మేపుకోవడానికి హక్కు ఉన్న ప్రతివాడూ మంట సమాచారం అందించాలి, ఆర్పడానికి సాయపడాలి. న్యూ సౌత్ వేల్స్ చట్టం కంటే ఇది 70 ఏళ్లు ముందుది.

నల్లమలలో, శేషాచలంలో, గోదావరి ఒడ్డు అడవుల్లో ఫిబ్రవరి నుంచి మే దాకా మంటల కాలం. ఇప్పపువ్వు తేలిగ్గా ఏరుకోవడానికి చెట్టు కింద ఆకు తగలబెడతారు. తునికాకు చిగురు బాగా వస్తుందని పొదలకు నిప్పు పెడతారు. అది ఆరిందో లేదో చూడకుండా వెళ్లిపోతారు. 2014 మార్చిలో తిరుమల కొండల మీది అడవి అంటుకున్నప్పుడు వైమానిక దళ హెలికాప్టర్లు నీళ్లు చల్లాల్సి వచ్చింది. ఉపగ్రహం వేడి చుక్కను గుర్తించి పంపే సందేశాలు ఇప్పుడు అటవీ సిబ్బంది ఫోన్లకు వస్తున్నాయి. అటవీ శాఖ వేసవికి ముందు ఫైర్ లైన్లు గీయిస్తుంది, ఫైర్ వాచర్లను పెడుతుంది. సందేశం వచ్చేసరికి మాత్రం మంట పుట్టి ఉంటుంది, వాచర్ల చేతిలో చాలాసార్లు ఉండేది పచ్చి కొమ్మే.

తునికాకు సేకరించే యూనిట్‌ను వేలంలో పాడుకున్న కాంట్రాక్టర్‌కు ఆకు కావాలి, కోసేవాళ్లకు కట్టకు ఇంత అని కూలి కావాలి. టన్నుకు డబ్బు తీసుకునే ఆస్ట్రేలియా యంత్రం యజమాని స్థితికీ వీళ్ల స్థితికీ మూలంలో తేడా లేదు. 79వ సెక్షన్ మంటను ఆర్పమంటుంది. ఏ మధ్యాహ్నం పొద మీద నిప్పు వెయ్యకూడదో, వేసిన నిప్పు దగ్గర సాయంత్రం ఎవరు కూర్చోవాలో, ఆ కూర్చున్న గంటకు కూలి ఎవరివ్వాలో అందులో లేదు. యూనిట్ ఒప్పందంలో ఈ మూడు వాక్యాలు రాయడానికి కొత్త చట్టం అక్కర్లేదు, వచ్చే వేలం నోటిఫికేషన్ చాలు.